12,000 మందికి ఒక నర్సు: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన ప్రశ్న ఇది. చాలాకాలం వార్డులో పనిచేసిన నర్సుకు ఇప్పుడు సుమారు 12,000 జనాభా ఉన్న ప్రాంతం అప్పగించారు. జనాభా మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని నర్సింగ్ చేయాలన్నారు. అంటే ఇంటింటికీ తిరగడమేనా? మొదటి మూడు నెలల్లో ఏం చేయాలి? ఏ లెక్కలు రాసుకోవాలి?

ఇంటింటికీ తిరగడం అందులో ఒక భాగమే. రోజుకు పదిళ్లు తిరిగి, పదింట్లోనూ చక్కగా డ్రెస్సింగులు చేసి, బీపీలు చూసి వచ్చినా అది ఇంకా వార్డు పనే. మంచాలు ఊరంతా పరిచి ఉన్నాయి, అంతే తేడా. మీ కంటబడిన రోగితో పాటు కంటబడని వాళ్ల బాధ్యత కూడా తీసుకున్నప్పుడే పని జనాభా స్థాయికి వెళ్తుంది. షుగర్ పుండుతో వచ్చిన మనిషి పాదం కడిగి కట్టు కట్టడం ఒక పని. ఈ ప్రాంతంలో షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఈ ఏడాది ఒక్కసారైనా పాదాలు పరీక్ష చేయించుకున్నది ఎవరు, చేయించుకోని వాళ్లు ఏ వీధుల్లో ఉన్నారు, ఎందుకు రాలేదు అని తేల్చుకోవడం ఇంకో పని. మొదటిది మీకు అలవాటైన పనే కాబట్టి రెండో దాని గురించే రాస్తాను.

అన్నిటికన్నా ముందు హారం కావాలి. "ఈ నెల 40 మంది పిల్లలకు టీకాలు వేశాం" అన్న మాటలో లవం మాత్రమే ఉంది. వేయాల్సింది 42 మందికా, 80 మందికా అన్నది తెలియకపోతే ఆ 40కి అర్థం లేదు. పాత రిజిస్టర్లు చేతికి రాగానే ఒక చిన్న లెక్క వేయండి. ఉదాహరణకు మీ ప్రాంతంలో జననాల రేటు వెయ్యికి 18 అనుకుందాం. 12,000 మందికి ఏడాదికి 216 కాన్పులు, నెలకు 18. రిజిస్టరులో సగటున నెలకు 11 పుట్టుకలే కనిపిస్తుంటే, మిగతా ఏడుగురు పిల్లలు ఎక్కడో ఉన్నారు, మీకు తెలియడం లేదు. వాళ్లు సాధారణంగా ఉండే చోట్లు కొన్నే: అద్దె గదులు, కట్టడం పనుల దగ్గర వేసుకున్న గుడిసెలు, వేరే ఊళ్లో ప్రసవించి వచ్చిన కుటుంబాలు, రెండు ప్రాంతాల సరిహద్దు వీధులు. సరిహద్దు వీధుల సంగతి మరీ గమనించండి. ఇటు నర్సు అవి అటువైపువి అనుకుంటుంది, అటు నర్సు ఇటువైపువి అనుకుంటుంది. పక్క ప్రాంతం నర్సును వెంటబెట్టుకుని ఆ సరిహద్దు మొత్తం ఒకసారి నడిచి, ఏ ఇల్లు ఎవరిదో అక్కడికక్కడే కాగితం మీద పెట్టేయండి.

దీనికి తలకిందులుగా, కవరేజీ (వేయాల్సిన వాళ్లలో వేసినవాళ్ల శాతం) 108 అని కనిపిస్తే సంతోషించకండి. హారం తక్కువగా ఉందనో, బయటివాళ్లను లవంలో కలిపారనో, ఒకే బిడ్డను రెండుసార్లు రాశారనో దాని అర్థం.

కుటుంబాల జాబితా కొత్తగా తయారు చేయాల్సి వస్తే, ఇంటికి నలుగురైదుగురు చొప్పున 2,500 నుంచి 3,000 ఇళ్లు ఉంటాయి. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. స్థానికంగా చదవడం రాయడం వచ్చిన వాళ్లకు ఒక పూట శిక్షణ ఇచ్చి పంపండి, వాళ్లు రాసుకొచ్చిన ఇళ్లలో వందకు ఐదు మీరే మళ్లీ తిరిగి సరిచూడండి. చేత్తో గీసిన పటంలో ఇళ్ల నంబర్లు ఏ దిక్కు నుంచి మొదలయ్యాయో బాణం గుర్తు పెట్టండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరికీ అర్థం కాదు. వయసు రాయించకండి, పుట్టిన తేదీ రాయించండి. వయసు ఏడాది తిరిగేసరికి తప్పైపోతుంది, తేదీ తప్పు కాదు. తాళం వేసిన ఇంటిని వదిలేయడం అందరూ చేసే పొరపాటు. పగలు తాళం ఉండేది చాలావరకు ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లకే, ఆ ఇళ్ల పిల్లలకే టీకాలు తప్పే అవకాశం ఎక్కువ. కాబట్టి మూడు వేర్వేరు వేళల్లో, అందులో ఒకటి సాయంత్రం గానీ సెలవు రోజున గానీ, వెళ్లాకే "దొరకలేదు" అని రాయాలి. ఆ తర్వాత నెలనెలా నాలుగు మార్పులు మాత్రం ఎక్కించుకుంటూ పోండి: పుట్టినవాళ్లు, చనిపోయినవాళ్లు, వచ్చినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు. ఈ నాలుగు ఆపేస్తే ఎంత మంచి జాబితా అయినా ఏడాదిలో పాడవుతుంది.

జాబితా తయారవుతుండగానే ప్రాంతాన్ని నడిచి చూడండి. వాహనంలో కాదు, కాలినడకన, ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి చీకటి పడ్డాక. చూడాల్సినవి: నీళ్లు ఎక్కడ పట్టుకుంటున్నారు, ఎందులో నిల్వ చేస్తున్నారు, మురుగు ఎటు పోతోంది, ముసలివాళ్లు క్లినిక్కు రావాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలి, చివరి బస్సు ఎన్నింటికి, క్లినిక్ తెరిచి ఉండే వేళల్లో ఆడవాళ్లు ఎక్కడ పనిలో ఉంటారు. తర్వాత మాట్లాడాల్సిన మనుషులు. పెద్దమనుషులు, నాయకులు తమంతట తామే ముందుకొస్తారు, వాళ్ల మాట వినాల్సిందే. కానీ మందుల షాపతనికి, బడి టీచరుకు, కాన్పులు చూసే పెద్దావిడకు, బండి నడిపేవాళ్లకు తెలిసిన విషయాలు నాయకులకు తెలియవు. గుంపుగా మాట్లాడాలంటే ఆరు నుంచి పది మంది చాలు, ఆ గుంపులో ఒకే రకం పరిస్థితి ఉన్నవాళ్లు ఉండేలా చూసుకోండి. అత్తాకోడళ్లను ఒకే గుంపులో కూర్చోబెడితే కోడళ్లు నోరు విప్పరు.

అప్పుడు అంకెల దగ్గరికి రండి. ఒక్క ఉదాహరణ వివరంగా చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ ఇదే తీరు. పిల్లలకు మూడు విడతలుగా వేసే టీకా ఉంది. అర్హులు 216 మందిలో మొదటి డోసు 200 మందికి, మూడో డోసు 150 మందికి పడింది. మధ్యలో జారిపోయినవాళ్లు 50, అంటే 200లో 25 శాతం. 10 శాతం దాటితే సమస్య ఉన్నట్టే లెక్క. ఇక్కడ మొదటి డోసు 93 శాతం మందికి అందింది, కాబట్టి ఈ తల్లిదండ్రులకు టీకా అంటే నమ్మకం ఉంది, దారి తెలుసు, ఒకసారి వచ్చారు కూడా. ఇలాంటి చోట "టీకాల ప్రాముఖ్యత" మీద సభ పెట్టడం వృథా. వచ్చినవాళ్లు మళ్లీ ఎందుకు రాలేదో చూడాలి: తర్వాతి తేదీ చెప్పలేదా, జ్వరం వస్తుందని ముందే చెప్పకపోవడంతో భయపడ్డారా, గంటలకొద్దీ నిలబెట్టారా, వచ్చినరోజు టీకా లేదన్నారా. అదే మొదటి డోసే 60 శాతం దగ్గర ఉంటే కథ వేరు. అప్పుడు దూరం, వేళలు, అపనమ్మకం, లేదా మీ జాబితాకు అందని కుటుంబాల సంగతి చూడాలి. ఒకే టీకా, రెండు వేర్వేరు జబ్బులు, రెండు వేర్వేరు మందులు.

వెనక్కి పంపేయడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొడిగా వచ్చే మీజిల్స్ (తట్టు) టీకా, బీసీజీ (క్షయ టీకా) వంటివి ఒకసారి ద్రావకం కలిపాక ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం 6 గంటల్లోపు (భారత్‌లో 4 గంటల్లోపు), లేదా ఆ రోజు టీకాల సెషన్ ముగిసేలోపు, ఏది ముందైతే అప్పటికి పారేయాలి. సీసాలో పది డోసులు ఉంటాయి, ఎదురుగా ఒక్క బిడ్డే ఉంటుంది. తొమ్మిది డోసులు వృథా అవుతాయని, పైవాళ్లు అడుగుతారని, "వచ్చే వారం రండి" అంటారు. ఆ తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. వచ్చే వారం రాదు. ఇక్కడ నర్సు నిర్లక్ష్యం కన్నా వృథా లెక్క అడిగే పద్ధతి తప్పు ఎక్కువ. ఒక్క బిడ్డ ఉన్నా సీసా తెరవచ్చని పైనుంచి రాతపూర్వకంగా ఆదేశం తెప్పించడం, దానికి తగ్గట్టు ఇండెంటులో (టీకాలు కావాలని పైకి పంపే కాగితంలో) వృథా శాతం కలిపి అడగడం, అదీ జనాభా స్థాయి నర్సింగ్. పది ఇళ్లకు వెళ్లి నచ్చజెప్పడం కన్నా ఆ ఒక్క ఆదేశం ఎక్కువమంది పిల్లలను కాపాడుతుంది.

మిన్నెసోటా రాష్ట్ర ఆరోగ్య శాఖ నర్సులు 1990లలో రూపొందించిన ఇంటర్వెన్షన్ వీల్ ఈ ఆలోచనకు మంచి సాధనం. అందులో 17 రకాల చర్యలు ఉంటాయి, దాదాపు ప్రతిదాన్నీ మూడు స్థాయిల్లో చేయవచ్చు: మనిషి, సమాజం, వ్యవస్థ. జారిపోయిన 50 మంది విషయంలో, ఆ ఇళ్లకు వెళ్లి మాట్లాడటం మొదటి స్థాయి. తర్వాతి తేదీని వీధిలో అందరికీ తెలిసేలా చేయడం, పక్కింటివాళ్లు గుర్తుచేసేలా చూడటం రెండోది. సెషన్ వేళ మార్చడం, డ్యూ లిస్ట్ (సేవ అందాల్సిన వాళ్ల జాబితా) ముందురోజే తయారయ్యే పద్ధతి పెట్టడం మూడోది. మూడూ కావాలి, కానీ మన వృత్తిలో మొదటిదానికే సమయమంతా పోతుంది. మూడోదానికి వారంలో కనీసం ఒక పూట కేటాయించుకోకపోతే అది ఎప్పటికీ జరగదు. 1902లో న్యూయార్క్ బడుల్లో అలాంటి వ్యవస్థ స్థాయి మార్పే జరిగింది. కంటిజబ్బు, తామర, పేలు ఉన్న పిల్లలను డాక్టర్లు పరీక్షించి ఇంటికి పంపేసేవారు, ఆ తర్వాత పట్టించుకునే నాథుడు లేడు. హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ స్థాపించిన లిలియన్ వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో ప్రయోగంగా పెట్టారు. ఆమె బడిలోనే చికిత్స చేసింది, ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పింది. ఆ పద్ధతి విస్తరించిన ఏడాదిలోనే బడి నుంచి పంపేసిన పిల్లల సంఖ్య దాదాపు పదో వంతుకు పడిపోయింది.

టీకాల మాట వచ్చింది కాబట్టి కోల్డ్ చైన్ (టీకాలను చల్లగా ఉంచే ఏర్పాటు) గురించి రెండు మాటలు. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ అని అందరికీ తెలుసు. అందరూ వేడికి భయపడతారు, గడ్డకట్టడం గురించి ఆలోచించరు. పెంటావలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసేది), హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) లాంటివి ఒకసారి గడ్డకడితే పనిచేయవు, పైగా సీసా మీద రంగు మారే వీవీఎం గుర్తు వేడినే చూపిస్తుంది, గడ్డకట్టిన సంగతి చూపించదు. ఫ్రీజరులోంచి తీసిన ఐస్‌ప్యాకును నేరుగా క్యారియర్‌లో పెట్టడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది. ప్యాకును బయట ఉంచి, పైన చెమ్మ పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెట్టాలి. అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేయండి. అదే టీకా, అదే తయారీదారు, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని పూర్తిగా గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న సీసాతో కలిపి ఊపి పక్కపక్కన నిలబెట్టండి. 30 నిమిషాల్లోపు అనుమానపు సీసాలోని మడ్డి కావాలని గడ్డకట్టించిన దానంత వేగంగా గానీ అంతకన్నా వేగంగా గానీ దిగిపోతే, ఆ టీకా వాడకూడదు.

సగటుల విషయంలో జాగ్రత్త. మీజిల్స్ సోకే తీరు ఎలాంటిదంటే, ఎవరికీ రోగనిరోధక శక్తి లేని చోట ఒక రోగి 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. వ్యాప్తి ఆగాలంటే 92 నుంచి 94 శాతం మందికి రక్షణ ఉండాలి, టీకా కూడా నూటికి నూరుపాళ్లు పనిచేయదు కాబట్టి రెండు డోసులు 95 శాతం మందికి అందాలంటారు. మీ ప్రాంతంలో 1,000 మంది పిల్లల్లో 950 మందికి వేశారనుకుందాం. నివేదికలో 95 శాతం, బాగుంది. కానీ మిగిలిన 50 మందీ ఒకే కాలనీలోని 100 మంది పిల్లల్లో ఉంటే, ఆ కాలనీలో 50 శాతమే. జబ్బు వచ్చేది అక్కడికే. అందుకే ఏ అంకెనైనా వీధులవారీగా, కాలనీలవారీగా విడగొట్టి చూడకుండా పైకి పంపకండి.

ప్రతి ముక్కలోనూ అందరినీ అడిగే సమయం లేనప్పుడు లాట్ క్వాలిటీ పద్ధతి (చిన్న నమూనాతో ఒక్కో ముక్క ఫరవాలేదా కాదా అని తేల్చేది) వాడండి. ప్రాంతాన్ని ఐదు ముక్కలు చేసి, ముక్కకు 19 మందిని యాదృచ్ఛికంగా ఎంచాలి. ఒక ముక్క జాబితాలో 190 మంది పిల్లలుంటే, 1 నుంచి 10 లోపు ఒక అంకెను చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి పదో బిడ్డ. లక్ష్యం 80 శాతం అనుకుంటే, 19లో 13 మందికి గానీ అంతకన్నా ఎక్కువ మందికి గానీ సేవ అంది ఉంటే ఆ ముక్క ఫరవాలేదు. 12, అంతకన్నా తక్కువైతే మీ మొదటి ప్రయాణం అక్కడికే. ఈ 19 మందితో ఆ ముక్కకు శాతం లెక్కగట్టి ప్రకటించకూడదు, అంత బలం ఆ నమూనాకు లేదు. ఐదు ముక్కలూ కలిపితే 95 మంది అవుతారు, అప్పుడు మొత్తం ప్రాంతానికి సుమారు 10 పాయింట్లు అటూఇటూగా శాతం చెప్పవచ్చు. రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లనే అడిగి వస్తే ఈ లెక్కలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

స్క్రీనింగ్ శిబిరాలు (లక్షణాలు లేనివాళ్లలో జబ్బు వెతికేవి) పెట్టమని ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే ఫొటోలు బాగుంటాయి. ఒప్పుకునే ముందు ఈ లెక్క వేయండి. జబ్బు నూటికి ఇద్దరిలో ఉంది. పరీక్ష జబ్బున్న వాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతం మందికి లేదని సరిగ్గా చెప్తుంది. 1,000 మందిని పరీక్షిస్తే జబ్బున్న 20 మందిలో 18 మంది పాజిటివ్. జబ్బులేని 980 మందిలో 98 మంది కూడా పాజిటివ్. మొత్తం 116 మంది పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నది 18 మందికే, సుమారు 16 శాతం. మిగతా 98 మందికి నిద్ర ఎవరు చెడగొట్టారు? మనమే. నిర్ధారణ పరీక్ష ఎక్కడ, ఎన్నాళ్లలో, చికిత్సకు చోటుందా అన్నవి తేలకుండా శిబిరం పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. విల్సన్, యుంగ్నర్ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన సూత్రాలు చెప్పేదీ ఇదే: అంగీకరించిన చికిత్స, నిర్ధారణకూ వైద్యానికీ సదుపాయాలు ముందుగా ఉండాలి.

బీపీ శిబిరాల్లో తప్పులు ఎక్కువగా కొలతలోనే జరుగుతాయి. మనిషి 5 నిమిషాలు కూర్చుని ఉండాలి, వీపుకు ఆనుడు, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో. కఫ్ లోపలి గాలితిత్తి పొడవు చేయి చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి, లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి, మాట్లాడించకూడదు. చేత్తో కొలిచే పరికరమైతే రిజిస్టరులో చివరి అంకెలు చూడండి. 0, 2, 4, 6, 8 ఇంచుమించు సమానంగా రావాలి. సగానికి పైగా సున్నాతో ముగుస్తుంటే ఎవరో సరిగ్గా కొలవకుండా దగ్గరి పదికి సర్దేస్తున్నారు. ఇంకొకటి, ఆ రోజు బాగా ఎక్కువ బీపీ వచ్చినవాళ్లనే ఎంచి, నెల తర్వాత మళ్లీ చూస్తే ఏమీ చేయకపోయినా సగటున తగ్గే కనిపిస్తుంది. అది మీ కార్యక్రమం ఫలితమని రాసేయకండి. పోల్చడానికి అలాంటి ఇంకో గుంపు ఉంటేనే ఆ మాట అనగలం.

ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ల మీదే దృష్టి పెడితే చాలదా అని అడుగుతారు. బ్రిటిష్ ఎపిడెమియాలజిస్టు (జనాభాలో జబ్బుల తీరును అధ్యయనం చేసేవాడు) జెఫ్రీ రోజ్ 1985లోనే దీనికి జవాబు చెప్పాడు: కొద్దిపాటి ప్రమాదం ఉన్న చాలామంది నుంచి వచ్చే కేసులు, ఎక్కువ ప్రమాదం ఉన్న కొద్దిమంది నుంచి వచ్చే కేసుల కన్నా ఎక్కువ కావచ్చు. 180 బీపీ ఉన్న మనిషికి మందు తప్పనిసరి. కానీ ఊరంతా తినే ఉప్పు కొంచెం తగ్గితే, మామూలు కన్నా కాస్త ఎక్కువ బీపీ ఉన్న వందలమందిలో కొందరికి పక్షవాతం తప్పుతుంది. ఎవరికి తప్పిందో ఎవరికీ తెలియదు, కృతజ్ఞత చెప్పేవాళ్లూ ఉండరు. వార్డు నుంచి వచ్చిన నర్సుకు ఇది అలవాటు కావడానికి సమయం పడుతుంది.

చిన్న అంకెలకు రేట్లు కట్టకండి. 216 కాన్పుల్లో ఒక తల్లి చనిపోతే లక్షకు ఎంత అని లెక్కించడంలో అర్థం లేదు, మరుసటి ఏడు సున్నా కావచ్చు. ఆ ఒక్క మరణాన్నీ కూలంకషంగా పరిశీలించండి: ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యమా, చేరడంలోనా, చేరాక వైద్యం అందడంలోనా. ఎవరిది తప్పు అని కాకుండా ఏ ఆలస్యం అని అడిగితేనే కుటుంబం నిజం చెప్తుంది. ఇంకో సంగతి, దీర్ఘకాలిక జబ్బుల్లో మీరు బాగా పనిచేస్తే రోగులు ఎక్కువకాలం బతుకుతారు, దాంతో మొత్తం రోగుల సంఖ్య పెరుగుతుంది. పనితీరు చూడాలంటే కొత్త కేసులు, అదుపులో ఉన్నవాళ్ల శాతం చూడాలి.

మూడు నెలల ప్రణాళిక ఇలా పెట్టుకోవచ్చు. మొదటి నెల జాబితా, పటం, నడక. రెండో నెల పాత రికార్డులను వీధులవారీగా విడగొట్టడం, మనుషులతో మాట్లాడటం, 19 మంది నమూనా. మూడో నెల ఒక్క సమస్య, గట్టిగా రెండు, ఎంచుకుని లక్ష్యం రాయడం. "అవగాహన పెంచుట" లక్ష్యం కాదు. "3వ, 5వ ముక్కల్లో మూడో డోసు 12 నెలల్లో 69 శాతం నుంచి 90 శాతానికి" అన్నది లక్ష్యం, ఎందుకంటే అందులో చోటు, గడువు, ఇప్పటి అంకె, చేరాల్సిన అంకె ఉన్నాయి. ఈ నెలల్లో రోజువారీ సేవలు ఆగవు కాబట్టి జాబితా పని ఆరో వారం దాకా సాగినా కంగారు పడకండి. కానీ లక్ష్యం రాయకుండా నాలుగో నెలలోకి వెళ్లకండి.

రికార్డులు ఎన్ని పెట్టినా రోజూ పనికొచ్చేవి కొన్నే: కుటుంబాల జాబితా, గర్భిణుల, పిల్లల డ్యూ లిస్ట్, దీర్ఘకాలిక రోగుల జాబితా, మరణాల పుస్తకం, ముక్కలవారీగా నెలనెలా గీసే ఒక పట్టిక. వీటిలో జబ్బుల పేర్లు ఉన్న జాబితాలు తాళంలో ఉండాలి. టీబీ, హెచ్‌ఐవీ వంటి వాటికి యూనిఫాంలో ఆ ఇంటికి నేరుగా వెళ్తే వీధంతటికీ చెప్పినట్టే, కాబట్టి ఎక్కడ కలవాలో ముందు ఆ మనిషినే అడగండి. ఊరివాళ్లకు చూపించే పట్టికలో ఐదుగురి కన్నా తక్కువున్న గడిని ఖాళీగా వదిలేయండి, చిన్న చోట్ల "ముగ్గురు" అంటే ఎవరో అందరూ పోల్చేస్తారు. మిగతా పట్టిక మాత్రం మూడు నెలలకోసారి వాళ్ల ముందు పెట్టండి. మీరు వెళ్లని వీధి ఏదో ముందుగా చెప్పేది వాళ్లే.